అమెరికన్ ఫుట్‌బాల్‌లో మొదటి నల్లజాతి హెడ్ కోచ్ ఎవరు? బామ్మర్దితో మేక పందెం పడింది, తేల్చండి

పరకాల_కూత అడిగింది:

అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె, హన్మకొండలో చిన్న ఎలక్ట్రికల్ షాపు నడుపుకుంటున్నాను. పదిహేనేళ్లుగా మా ఊరి టీమ్‌కి కబడ్డీ ఆడుతున్నా, రైడర్‌ని. ముప్పై ఆరు నిండాయి, ఎడమ మోకాలు పొద్దున లేవగానే టక్కుమంటుంది, అయినా ఆట వదల్లేదు. ఈసారి సంక్రాంతి టోర్నమెంట్‌కి మా ఊరి పెద్దమనుషులు పిలిచి, కోచ్‌ని తెచ్చేంత పైసలు మన దగ్గర ఎక్కడివి, నువ్వే ఆడు, నువ్వే పిల్లలకు నేర్పు అన్నారు. సరే అన్నాను, అన్నాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు, అది వేరే ముచ్చట.

ఈ సంగతి వీడియో కాల్‌లో మా బామ్మర్దికి చెప్పాను. వాడు డల్లాస్‌లో ఉంటాడు, అక్కడి ఫుట్‌బాల్ అంటే పిచ్చి, ఆదివారం వచ్చిందంటే జెర్సీ వేసుకుని టీవీ ముందు కూర్చుంటాడు, ఆ రోజు మా చెల్లె ఫోన్ చేసినా ఎత్తడు. "ఆడేవాడే కోచ్ ఏంది బావా, ఇది ఏ ఆటలో ఉంది" అని నవ్వాడు. నాకు ఎప్పుడో చదివింది గుర్తొచ్చి, మీ ఆటలోనే 1921లో ఫ్రిట్జ్ పొల్లార్డ్ అని ఒక నల్లజాతి మనిషి ఆడుతూనే కోచ్‌గా చేశాడు, మొదటి నల్లజాతి కోచ్ కూడా ఆయనే అన్నాను. వాడు ఒప్పుకోడు. మొదటి నల్లజాతి హెడ్ కోచ్ ఆర్ట్ షెల్, 1989, రైడర్స్ టీమ్, ఇది చిన్నపిల్లాడికి కూడా తెలుసు అంటాడు. మాట మీద మాట పెరిగి మేడారం జాతరకు మొక్కు మేక ఎవరు కొనాలన్న దాకా వచ్చింది.

నెట్‌లో చూస్తే ఒక చోట ఈయన పేరు, ఇంకో చోట ఆయన పేరు. అరవై ఎనిమిదేళ్ల తేడా ఎట్లా వస్తుంది? పొల్లార్డ్ నిజంగా కోచేనా, లేక కెప్టెన్‌ని పట్టుకుని కోచ్ అంటున్నారా? మైదానంలో దెబ్బలు తింటూ కోచింగ్ ఎట్లా ఇచ్చాడు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి, మేకకంటే ఈ చివరి ప్రశ్న నాకు ఎక్కువ అవసరం.

సుబేదారి_చాయ్:

అన్నా ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కదా, వీళ్లు చేత్తో పట్టుకుని ఉరుకుతారు, మళ్లీ దానికి ఫుట్‌బాల్ అని పేరు. ముందు అది తేల్చమను మీ బామ్మర్దిని. మేక మాత్రం ఎవరు కొన్నా మాకు పిలుపు రావాలి.

రిటైర్డ్_పీఈటీ:

తమ్మీ, నేను ముప్పై ఒక్క ఏళ్లు సర్కారు బడుల్లో పీఈటీగా చేసి దిగినవాణ్ని. ఈ అమెరికా ఆట ఒక్క రోజు కూడా ఆడలేదు, కానీ ఆటల చరిత్ర చదవడం నాకున్న ఒకే ఒక్క వ్యసనం, మా ఇంటావిడ సిగరెట్ అయినా నయమని అంటుంది. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికుంటే చదువు.

ఫ్రిట్జ్ పొల్లార్డ్ 1894 జనవరి 27న షికాగోలో పుట్టాడు. అసలు పేరు ఫ్రెడరిక్ డగ్లస్ పొల్లార్డ్, బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ పేరే పెట్టారు. తండ్రి క్షౌరవృత్తి చేసేవాడు. మనిషి అయిదడుగుల తొమ్మిదంగుళాలు, బరువు 75 కేజీలు అటూ ఇటూ. ఆ ఆటలో అది గోరంత ఒళ్లు, అవతలివాళ్లు ఎద్దుల్లా ఉండేవాళ్లు. ఈయనకున్నదల్లా వేగం, సందు కనిపెట్టే కన్ను. నువ్వు రైడర్‌వి కాబట్టి నీకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

బ్రౌన్ యూనివర్సిటీకి ఆడాడు. 1916 జనవరి 1న కాలిఫోర్నియాలోని పాసడెనాలో రోజ్ బౌల్ అనే పేరున్న కాలేజీ ఆట, వాన, బురద, ఆ బురదలో ఈయన వేగం పనికిరాకుండా పోయింది, బ్రౌన్ 14-0తో వాషింగ్టన్ స్టేట్ చేతిలో ఓడింది. ఓడినా రోజ్ బౌల్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే. ఆ ఏడాది చివర్లో వచ్చిన సీజన్‌లో మాత్రం యేల్‌ని, హార్వర్డ్‌ని రెండింటినీ కొట్టారు. ఒకే సీజన్‌లో ఆ రెండింటినీ ఓడించడం బ్రౌన్‌కి అదే మొదటిసారి. వాల్టర్ క్యాంప్ అని ఆ ఆటకు పెద్ద మనిషి ఒకాయన ప్రతి ఏడాదీ దేశం మొత్తం మీద మేటి టీమ్‌ని ఎంచేవాడు, అందులో పొల్లార్డ్ పేరు పెట్టాడు.

ఇప్పుడు నీకు నచ్చే ముచ్చట. మైదానంలో తెల్లవాళ్లు కావాలని ఈయన మీద పడి తొక్కేవాళ్లు. కింద పడ్డాక కూడా వదిలేవాళ్లు కాదు, మోకాళ్లు, మోచేతులు. మన దగ్గర కూడా రైడర్ దొరికిపోయాక, అంపైర్ విజిల్ ఊదాక, చూడనట్టు నడుం మీద మోకాలు దింపేవాడు ప్రతి టోర్నమెంట్‌లో ఒకడుంటాడు కదా, అట్లాంటివాళ్లు పదకొండు మంది అనుకో. దానికి పొల్లార్డ్ ఒక ఉపాయం పట్టాడు. పడగానే వెల్లకిలా తిరిగి, సైకిల్ తొక్కినట్టు కాళ్లు గాల్లో ఆడించేవాడు. బూట్ల కింద ముళ్లు ఉంటాయి. మీదికి దూకేవాడు ఆ ముళ్లను చూసి ఆగాల్సిందే. ఎదురుదెబ్బ కొడితే తనను బయటికి పంపిస్తారు, కాబట్టి కొట్టకుండా కాచుకునే దారి అది.

1919లో ఒహాయో రాష్ట్రంలో ఆక్రన్ అనే ఊరి టీమ్‌లో చేరాడు. 1920 సెప్టెంబర్‌లో కాంటన్ అనే ఊళ్లో రాల్ఫ్ హే అనే ఆయన కార్ల షోరూమ్‌లో టీమ్‌ల వాళ్లు కూర్చుని లీగ్ పెట్టారు, అదే రెండేళ్ల తర్వాత ఎన్ఎఫ్ఎల్ అయింది, ఇప్పుడు మీ బామ్మర్ది చూసే పెద్ద లీగ్ అదే. మొదటి ఏడాదే ఆక్రన్ ఒక్క ఆట కూడా ఓడలేదు, 8 గెలిచి 3 డ్రా చేసుకుంది. సీజన్ మొత్తంలో ఎదుటివాళ్లకు ఇచ్చింది 7 పాయింట్లే. చివర్లో డికేటర్ స్టేలీస్‌తో షికాగోలో 0-0 డ్రా. ఫైనల్ అంటూ ఏమీ లేదు, 1921 ఏప్రిల్‌లో టీమ్‌ల పెద్దలు మీటింగ్ పెట్టుకుని ఆక్రన్‌ని విజేత అని ఓటేశారు, మన ఊరి కమిటీలు చేసినట్టే. ఆ 1921 సీజన్‌లోనే పొల్లార్డ్ ఎల్జీ టోబిన్‌తో కలిసి ఆక్రన్‌కి కోచ్. ఆడుతూనే కోచ్.

ఇక నీ చివరి ప్రశ్న, మీ బామ్మర్దికి ఆశ్చర్యం అనిపించిన సంగతి. ఆ కాలంలో ఆ ఆటలో గీత అవతల నిలబడి కోచింగ్ ఇవ్వడం నేరం. అవును, నిజం. బయటి నుంచి సైగ చేసినా, అరిచి ఎత్తుగడ చెప్పినా పెనాల్టీ. ఆట ఆటగాళ్ల బుర్రతోనే సాగాలని వాళ్ల పట్టుదల. ఎన్ఎఫ్ఎల్‌లో బెంచ్ మీద నుంచి కోచింగ్‌ని అనుమతించింది 1944లో. అంటే 1921లో కోచ్ అనేవాడు ఆట నడుస్తుండగా మాట్లాడాలంటే ఉన్న ఒకే దారి, తనూ మైదానంలో ఉండటం. అందుకే ఆ తరంలో సగం మంది ఆడుతూ కోచ్‌లే. షికాగో బేర్స్ జార్జ్ హాలస్ అంతే, గ్రీన్ బేకి కర్లీ లాంబో అంతే. పైగా మనుషులు తక్కువ. 1925లో లీగ్ పెట్టిన హద్దు టీమ్‌కి 16 మంది, వాళ్లే దాడి చేయాలి, వాళ్లే కాపు కాయాలి. దాంట్లో కోచ్‌కి వేరే జీతం ఎవడిస్తాడు? మీ ఊరి పెద్దమనుషుల లెక్కే అది.

పందెం: ఫ్రిట్జ్ పొల్లార్డ్. మేక మీ బామ్మర్ది ఖాతాలో.

పరకాల_కూత:

సార్, దండాలు. గీత అవతల నుంచి కోచింగ్ నేరం అంటే నాకు నవ్వాగలేదు, మా ఊళ్లో ఆ రూల్ పెడితే ఆట మొదలైన నిమిషానికే యాభై మంది అవుట్. సున్నం గీత మీద కాలు పెట్టి అరిచే మా కాకా ఒకాయన ఉన్నాడు, రైడ్ ఆయన చేస్తున్నాడా నేను చేస్తున్నానా తెలియదు.

కాజీపేట_లోకో:

రిటైర్డ్ సార్ బాగా రాశారు, కానీ నాకు ఒక డౌట్, కోపం తెచ్చుకోవద్దు. కలిసి కోచ్ అంటే సగం కోచ్. ఆ లెక్కన రైల్వే ఇన్‌స్టిట్యూట్ గ్రౌండ్‌లో మేం ఆడినప్పుడు ఫీల్డింగ్ సెట్ చేసిన ప్రతివాడూ కోచే. ఆర్ట్ షెల్‌ది అట్లా కాదు, ఆయన రైడర్స్‌కే ఏళ్ల తరబడి లైన్‌లో ఆడి, రిటైరై, అసిస్టెంట్‌గా చేసి, 1989 అక్టోబర్‌లో పూర్తి స్థాయి హెడ్ కోచ్ అయ్యాడు. ఈ రోజు కోచ్ అంటే మనం అనుకునే పని చేసింది ఆయన. బామ్మర్ది మాటలో కూడా న్యాయం ఉంది. మేకను సగం సగం చేయండి.

ఖని_నైట్‌షిఫ్ట్:

లోకో అన్నా, నువ్వు చెప్పింది వినడానికి బాగుంది కానీ పనిని ఇప్పటి కొలతతో కొలిస్తే ఎట్లా. అప్పటి ఇంజన్ డ్రైవర్ బొగ్గు వేయించుకుంటూ నడిపాడు కాబట్టి వాడు డ్రైవర్ కాదంటావా? హాలస్‌ని, లాంబోని కోచ్‌లుగానే లెక్కబెడతారు, ఎవరూ డౌట్ పడరు. వాళ్లూ ఆడుతూనే కదా చేశారు. పొల్లార్డ్ దగ్గరికి వచ్చేసరికే సగం, పావు అని తూకాలు మొదలవుతాయి.

నాది గోదావరిఖని, సింగరేణిలో పని. నేను రాద్దామనుకున్నది వేరే. పొల్లార్డ్ జీవితంలో నాకు బాగా నచ్చిన ముక్క ఆక్రన్ కాదు, 1923, 24లో పెన్సిల్వేనియాలో గిల్బర్టన్ అనే బొగ్గు ఊరికి ఆడాడు. ఆంత్రసైట్ అని గట్టి బొగ్గు దొరికే ప్రాంతం అది. చుట్టుపక్కల అన్నీ గనుల ఊళ్లే, ఒక్కో ఊరికి ఒక టీమ్, ఊరికీ ఊరికీ పగ. వారమంతా కింద పని చేసి ఆదివారం ఆటకు పోయేవాళ్లు. గిల్బర్టన్ చాలా చిన్న ఊరు, అయినా దేశంలో పేరున్న ఆటగాణ్ని పైసలిచ్చి తెచ్చుకుంది, పక్క ఊరు మీద గెలవాలి అంతే.

మాకు ఇది చదివితే కొత్తగా అనిపించదు. ఇక్కడ కంపెనీ కార్మికుల ఆటల సంఘం, డబ్ల్యూపీఎస్ అండ్ జీఏ, పెట్టే పోటీలప్పుడు ఏరియాల మధ్య చూడాలి. మా నాన్న వాలీబాల్ ఆడేవాడు. ఫస్ట్ షిఫ్ట్ దిగి, బాయి మీద స్నానం చేసి, కంటి కింద నల్ల గీత ఎంత కడిగినా పోదు, అట్లనే కోర్టుకి వచ్చేవాడు. ఆటకి ముందు కొబ్బరినూనె గుడ్డతో ఆ గీత తుడుచుకోవడం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. అవతలి ఏరియాలో మంచి స్మాషర్ ఉంటే వాడు ఏ షిఫ్ట్‌లో ఉన్నాడు, వాణ్ని మా ఏరియాకి బదిలీ చేయించొచ్చా అని పెద్దవాళ్లు క్యాంటీన్‌లో కూర్చుని లెక్కలు వేసేవాళ్లు.

కానీ తేడా కూడా చెప్పాలి. ఆక్రన్‌లో పొల్లార్డ్ మిగతా ఆటగాళ్లతో కలిసి బట్టలు మార్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది. టీమ్ ఓనర్లలో ఒకడైన ఫ్రాంక్ నీడ్‌కి సిగార్ ఫ్యాక్టరీ ఉండేది, అక్కడ డ్రెస్ వేసుకుని కూర్చుంటే ఆట మొదలయ్యే ముందు కారు పంపి మైదానానికి తెచ్చేవాళ్లు. ఈ సంగతి ముసలితనంలో ఆయనే పేపర్‌వాళ్లకు చెప్పాడు. ఒకసారి ఆలోచించండి, సిగార్ల వాసనలో ఒక్కడే కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్న మనిషి, కారు దిగగానే ఊరంతా తిడుతుంటే పోయి ఆ ఊరినే గెలిపించాలి. తిట్టేవాళ్లలో సొంత టీమ్ జనం కూడా ఉన్నారు.

సుబేదారి_చాయ్:

ఖని అన్నా, కొబ్బరినూనె ముచ్చట మా మామ కూడా చెప్తాడు, ఆయనది మందమర్రి. సరే, ఇంత మంచి ఆటగాడు, కోచ్ కూడా అయ్యాడు, తర్వాత ఇంకో అరవై ఏళ్లు మళ్లీ ఇంకొకడు ఎందుకు రాలేదు? మధ్యలో ఏమైంది?

ఆక్రన్_లో_ఓరుగల్లు:

పేరు చూసి నవ్వకండి, నిజంగానే ఆక్రన్‌లో ఉంటాను. మాది వరంగల్ శివనగర్, ఇక్కడికి వచ్చి పదకొండేళ్లు. ఈ ఊరు ఒకప్పుడు ప్రపంచానికి టైర్లు చేసిన ఊరు, గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్, గుడ్‌రిచ్ మూడూ ఇక్కడివే. అజంజాహి మిల్లు నడిచిన రోజుల్లో వరంగల్ ఎట్లా ఉండేదో మా తాత చెప్పేవాడు కదా, సైరన్ కూతతో ఊరు లేచేదని, ఇక్కడి ముసలివాళ్లు రబ్బరు వాసన గురించి అట్లనే చెప్తారు. అట్లాంటి పని ఊళ్లలో పుట్టిన లీగ్ అది. డికేటర్ స్టేలీస్ అంటే స్టార్చ్ కంపెనీ టీమ్, మొక్కజొన్న పిండి చేసేవాళ్లు. లారూ అనే పల్లె టీమ్ అయితే ఇంకా విచిత్రం, ఓనర్ కుక్కలు పెంచి అమ్మేవాడు, ఆ కుక్కల ప్రచారానికే అప్పట్లో బాగా పేరున్న ఆటగాడు జిమ్ థార్ప్‌ని కోచ్‌గా పెట్టి నేటివ్ అమెరికన్ ఆటగాళ్లతో టీమ్ కట్టాడు, హాఫ్‌టైమ్‌లో కుక్కల ఆటలు. 1922, 23 రెండేళ్లు నడిచింది.

చాయ్ తమ్ముడి ప్రశ్నకు వస్తా. పొల్లార్డ్ ఒక్కడే కాదు, 1920లో లీగ్ మొదలైనప్పుడు బాబీ మార్షల్ అని ఇంకో నల్లజాతి ఆటగాడు కూడా ఉన్నాడు. 1921లో పొల్లార్డ్‌తో పాటు ఆక్రన్‌కి పాల్ రోబ్సన్ ఆడాడు, అవును, తర్వాత పాటగాడిగా, నటుడిగా ప్రపంచమంతా తెలిసిన రోబ్సనే, అప్పుడు కొలంబియాలో లా చదువుతున్నాడు, ఆ ఫీజుల కోసమే ఈ ఆట. మరుసటి ఏడు ఇద్దరూ మిల్వాకీకి ఆడారు. తర్వాత పొల్లార్డ్ హేమండ్‌కి, ప్రావిడెన్స్‌కి ఆడి, 1926లో మళ్లీ ఆక్రన్‌కి వచ్చి లీగ్‌లో తన ఆట ముగించాడు.

తర్వాత తలుపులు మూసేశారు. రాసిపెట్టిన రూల్ ఎక్కడా లేదు, కానీ 1933లో జో లిలార్డ్, రే కెంప్ అనే ఇద్దరు ఆడాక 1934 నుంచి 1945 దాకా ఒక్క నల్లజాతి ఆటగాడు కూడా లీగ్‌లో లేడు. పన్నెండు సీజన్లు. వాషింగ్టన్ టీమ్ ఓనర్ జార్జ్ ప్రెస్టన్ మార్షల్ ఇందులో ముందున్నాడని చాలామంది రాశారు, ఆయన టీమ్ 1962 దాకా ఒక్క నల్లజాతి ఆటగాణ్ని దింపలేదు, కెనెడీ ప్రభుత్వం స్టేడియం విషయంలో మెడ మీద కత్తి పెడితే గానీ దిగిరాలేదు. పొల్లార్డ్ అయితే హాలస్‌ని కూడా తప్పుపట్టేవాడు, హాలస్ ఒప్పుకోలేదు. 1920లో ఆ 0-0 ఆటలో ఆక్రన్‌కి పొల్లార్డ్, స్టేలీస్‌కి హాలస్, ఆ ఇద్దరే వీళ్లు, చచ్చేదాకా ఆ పగ అట్లనే ఉంది.

1946లో క్లీవ్‌లాండ్ రామ్స్ టీమ్ లాస్ ఏంజెలెస్‌కి మారినప్పుడు మళ్లీ తెరుచుకుంది. అక్కడి కొలీజియం జనం పన్నులతో నడిచే స్టేడియం, అందులో ఆడాలంటే నల్లజాతి ఆటగాళ్లకు చోటివ్వాల్సిందే అని నల్లజాతి పత్రికలవాళ్లు పట్టుబట్టారు. అట్లా కెన్నీ వాషింగ్టన్, వుడీ స్ట్రోడ్ వచ్చారు. ఆటగాళ్లకే అన్నేళ్లు పడితే కోచ్ కుర్చీకి ఎన్నేళ్లు పడుతుందో మీరే చూసుకోండి. ఆడటం చేతనవును, ఆడించడం మాత్రం వీళ్లవల్ల కాదు అని ఓనర్ల మనసులో ఉన్నన్నాళ్లు 1989 రాదు.

లోకో అన్నకు ఒక మాట. పొల్లార్డ్ ఆక్రన్‌లో మొదటిసారి కోచ్ అవలేదు. 1918 నుంచి 1920 దాకా పెన్సిల్వేనియాలో లింకన్ యూనివర్సిటీకి హెడ్ కోచ్, అది నల్లజాతి విద్యార్థుల కోసం పెట్టింది. అక్కడ కోచింగ్ ఇస్తూ ఇక్కడికి ఆటకు వచ్చేవాడు. ఆక్రన్‌వాళ్లకు ఆయన కాళ్లతో పాటు బుర్ర కూడా కావాల్సి వచ్చింది, తను బ్రౌన్‌లో నేర్చిన ఎత్తుగడలే వీళ్లకు నేర్పాడు. కెప్టెన్‌ని కోచ్ అనడం ఇది కాదన్నా.

మొన్న ఎండాకాలం మా అమ్మానాన్న వస్తే కాంటన్ తీసుకెళ్లాను, ఇక్కడి నుంచి అరగంట. ఈ ఆటలో మేటివాళ్లకు గౌరవంగా కట్టిన హాల్ ఆఫ్ ఫేమ్ అక్కడే ఉంది. వరుసగా కంచు తలలు పెట్టి ఉంటాయి, మసక వెలుతురు, గుడిలో ఉన్నట్టు అందరూ గొంతు తగ్గించి మాట్లాడతారు. మా నాన్నకు ఆ ఆట అంటే ఏమీ తెలియదు, పొల్లార్డ్ విగ్రహం దగ్గర నిలబడి నేను ఇదంతా చెప్తుంటే విని, "ఈయన బతికుండగానే పెట్టారా ఇది?" అని అడిగాడు. లేదు నాన్నా, 1986లో పోయాడు, తొంభై రెండేళ్లకు, ఇది పెట్టింది 2005లో అన్నాను. నాన్న ఇంకేం అనలేదు, కళ్లజోడు తీసి తుడుచుకుని పక్క విగ్రహం దగ్గరికి పోయాడు. కాలేజీ ఆట వాళ్ల హాల్‌లో మాత్రం 1954లోనే పెట్టారు, అది ఆయన చూశాడు. ఆర్ట్ షెల్ కోచ్ అయ్యేటప్పటికి ఆయన పోయి మూడేళ్లు.

రిటైర్డ్_పీఈటీ:

చాలా బాగా రాశావు బాబూ. నేను వదిలేసినవి రెండు ముక్కలు చెప్తాను. లీగ్ వదిలాక ఆయన ఊరుకోలేదు. షికాగోలో బ్లాక్ హాక్స్ అని నల్లజాతి ఆటగాళ్లతో టీమ్ కట్టి ఊరూరా తిరిగి తెల్లజాతి టీమ్‌లతో ఆడించాడు, తర్వాత న్యూయార్క్‌లో బ్రౌన్ బాంబర్స్‌కి కోచ్. బాక్సర్ జో లూయిస్ బిరుదే ఆ టీమ్‌కి పేరు. ఆటగాళ్లు ఉన్నారు, ఆడగలరు, లీగ్ తీసుకోవట్లేదు, ఇదిగో చూడండి అని చూపించడమే పని. దాంతో పాటు న్యూయార్క్‌లో పత్రిక నడిపాడు, నటీనటులకు ఏజెన్సీ నడిపాడు, ట్యాక్స్ సలహాలు ఇచ్చాడు. కొడుకు ఫ్రిట్జ్ జూనియర్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 110 మీటర్ల హర్డిల్స్‌లో కంచు పతకం తెచ్చాడు.

ఇంకోటి, హెడ్ కోచ్ ఖాళీ వస్తే కనీసం ఒక్క మైనారిటీ అభ్యర్థినైనా ఇంటర్వ్యూ చేయాలని 2003లో లీగ్ రూల్ పెట్టింది, దాన్ని రూనీ రూల్ అంటారు. అది సరిగ్గా అమలవుతుందా లేదా అని అడిగే సంస్థ అదే ఏడాది పుట్టింది, దాని పేరు ఫ్రిట్జ్ పొల్లార్డ్ అలయన్స్. లోకో గారూ, సగం కోచ్ పేరు ఎవరూ పెట్టుకోరండీ.

పరకాల తమ్మీ, నీకు ఒక సలహా, ఇది చరిత్ర కాదు, నా సర్వీసు. ఆడుతూ కోచింగ్ ఇచ్చేవాడికి కోర్టులో ఉన్నప్పుడు ఏదీ కనపడదు, ఎదురుగా ఉన్న కాళ్లు తప్ప. అవుట్ అయి బయట కూర్చున్నప్పుడే నువ్వు కోచ్‌వి. ఆ రెండు నిమిషాలు నీళ్లు తాగుతూ, అంపైర్‌ని తిడుతూ పోగొట్టుకోకు.

కాజీపేట_లోకో:

ఒప్పుకున్నా సార్. లింకన్ యూనివర్సిటీ సంగతి నాకు తెలియదు, అది తెలిస్తే ముందే నోరు మూసుకునేవాణ్ని. కానీ షెల్‌ని తక్కువ చేయకండి, ఆయనకు ఆటగాడిగా హాల్ ఆఫ్ ఫేమ్ వచ్చింది కూడా ఆ 1989లోనే. ఇద్దరూ ఆడి వచ్చినవాళ్లే.

పరకాల_కూత:

అందరికీ థ్యాంక్స్. ఈ చర్చ మొత్తం బామ్మర్దికి పంపాను. ముందు రెండు గంటలు బ్లూ టిక్ పడి కూడా జవాబు లేదు. తర్వాత వాయిస్ మెసేజ్: "ఆధునిక కాలంలో మొదటివాడు అని నేను మనసులో అనుకున్నా బావా, పైకి అనలేదు అంతే." మనసులో అనుకున్నవి మేడారంలో చెల్లవురా అన్నాను. ఒప్పుకున్నాడు.

రిటైర్డ్ సార్, మీరు చెప్పింది నిన్న సాయంత్రమే చూశాను. పక్క ఊరితో ప్రాక్టీస్ ఆట, మూడో రైడ్‌లోనే నన్ను మడమ పట్టేశారు, బయట కూర్చున్నా. మామూలుగా అయితే ఆ టైమ్‌లో మోకాలికి స్ప్రే కొట్టుకుంటా. నిన్న స్ప్రే డబ్బా చేతిలోనే పట్టుకుని మా ఎడమ మూల పిల్లగాడి కాళ్లే చూశాను. పందొమ్మిదేళ్లుంటాయి, మంచి పట్టు, కానీ రైడర్ ఇటు తిరగకముందే వాడి కుడి పాదం సున్నం గీత వదిలి ముందుకు వచ్చేస్తుంది, ప్రతిసారీ. రైడర్‌కి అది తలుపు తీసి రమ్మన్నట్టే. పదిహేనేళ్ల నుంచి ఆడుతున్నా, రెండేళ్ల నుంచి వాడు నా పక్కనే నిలబడుతున్నాడు, నాకు ఒక్కసారి కూడా కనపడలేదు. పాయింట్ వచ్చి మళ్లీ లోపలికి పోయాక వాడి చెవిలో "పాదం గీత మీదే ఉంచు, వాడు తిరిగేదాకా" అన్నాను. తర్వాత ఇద్దర్ని పట్టాడు. ఒక్కసారి మళ్లీ తొందరపడి పాయింట్ ఇచ్చాడు, పోనీ.

గీత అవతల మా కాకా మాత్రం మామూలే, "వాణ్ని కాదురా, వీణ్ని తాకు" అని. 1944కి ముందు అమెరికాలో పుట్టాల్సినవాడు, పెనాల్టీలతోనే టీమ్ ముంచేవాడు.

బామ్మర్ది మేక పైసలు ఫోన్‌పేలో కొడతాను, రేటు చెప్పు అంటున్నాడు. ములుగు వైపు ఇప్పుడు పదిహేను కేజీల మేక ఎంత పలుకుతుందో తెలిసినవాళ్లు చెప్పండి, కొంచెం ఎక్కువ చెప్పినా పర్వాలేదు, వాడు డాలర్లలో సంపాదిస్తున్నాడు.